మనసుకు జబ్బు చేస్తే పని మానాలా?

ఏలూరు జిల్లాలో కామవరపుకోట ఒక మండలం. 2022 ఏప్రిల్ దాకా ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. ఇది మెట్ట ప్రాంతం. ఇక్కడ కూలీలు పామాయిల్ గెలలు కోస్తారు. కొబ్బరి తోటల్లో, మామిడి తోటల్లో పని చేస్తారు. జంగారెడ్డిగూడెం వైపు వెళితే పొగాకు చేలు కనిపిస్తాయి. చేల పక్కన ఆకు ఎండబెట్టే బ్యారన్లు ఉంటాయి. కిందికి కొల్లేరు వైపు వెళితే చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉంటాయి.

పని ఏదైనా కష్టం ఉంటుంది. ఎండ ఉంటుంది. మేస్త్రి కేకలు ఉంటాయి. కూలి డబ్బులు ఆలస్యం అవుతాయి. ముందుగా తీసుకున్న అడ్వాన్సు మెడ మీద ఉంటుంది. వీటన్నిటి వల్ల మనసు మీద బరువు పడుతుంది. దీన్నే ఒత్తిడి అంటారు.

ఒత్తిడి అందరికీ ఉంటుంది. కానీ కొందరికి మనసు జబ్బు ఉంటుంది. వాళ్లకు ఈ ఒత్తిడి వల్ల జబ్బు తిరగబెట్టవచ్చు. మరి వాళ్లు పని మానెయ్యాలా? మానక్కర్లేదు. పనిని జబ్బుకు తగ్గట్టు సర్దుకోవాలి. ఎలా సర్దుకోవాలో తెలుసుకుందాం.

పొగరు కాదు, బద్ధకం కాదు

సంతోషం, దిగులు అందరికీ వస్తాయి, పోతాయి. పంట పోతే దిగులు పడతాం. పెళ్లి జరిగితే సంతోషిస్తాం. అది జబ్బు కాదు.

కొందరికి దిగులు పట్టుకుంటే వదలదు. రెండు వారాలు దాటినా పోదు. దేనిమీదా ఇష్టం ఉండదు. తిండి సయించదు. నిద్ర సరిగా పట్టదు, లేదా ఎంత పడుకున్నా తీరదు. చెయ్యి కదలదు. నేను దేనికీ పనికిరాను అనిపిస్తుంది. దీన్ని కుంగుబాటు అంటారు.

కొందరికి దీనికి ఎదురుగా జరుగుతుంది. మనసు మరీ పైకి లేస్తుంది. రెండు మూడు గంటలు పడుకున్నా అలసట ఉండదు. మాట ఆగదు. పెద్ద పెద్ద లెక్కలు వేస్తారు. చేతిలో లేని డబ్బు ఖర్చు పెడతారు. అడ్డం చెబితే కోపం వస్తుంది. దీన్ని ఉద్రేకం అంటారు.

ఒకే మనిషికి కొంతకాలం ఉద్రేకం, కొంతకాలం కుంగుబాటు వస్తే దాన్ని బైపోలార్ జబ్బు అంటారు. మధ్యలో నెలలు, ఏళ్లు అందరిలాగే బాగుంటారు. 2019 నాటికి ప్రపంచంలో సుమారు 4 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

పని దగ్గర ఈ జబ్బును జనం తప్పుగా చదువుతారు. కుంగిపోయిన వాడిని "బద్ధకస్తుడు" అంటారు. ఉద్రేకం వచ్చిన వాడిని "వీడికి పొగరెక్కింది" అంటారు. ఇంటి దగ్గరేమో "గాలి సోకింది" అని తాయెత్తు కడతారు. ఇది గాలి కాదు. చేతబడి కాదు. బీపీ లాగా, షుగరు లాగా ఇదీ ఒక జబ్బే. కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా వస్తుంది. దీనికి మందులున్నాయి.

పేరున్న వాళ్లకూ మనసు జబ్బులు వస్తాయి. సినిమా నటి దీపికా పదుకొనె తనకు కుంగుబాటు వచ్చిందని 2015లో టీవీలో చెప్పింది. వైద్యం చేయించుకున్నానని కూడా చెప్పింది. ఆ తరువాతా ఆమె సినిమాల్లో పని చేస్తూనే ఉంది.

నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది

పొగాకు ఆకు కోసి, కర్రలకు అల్లి, బ్యారన్‌లో ఎక్కిస్తారు. కింద మంట పెడతారు. వేడిని కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. ఆకు పసుపు తిరగాలి. తరువాత ఈనె కూడా ఎండాలి. దీనికి దాదాపు వారం పడుతుంది. అన్నాళ్లూ రాత్రీ పగలూ మంట చూసుకోవాలి. మంట అదుపు తప్పితే ఆకు రంగు చెడుతుంది. వేలంలో ధర పడిపోతుంది. అందుకని ఒక మనిషి రాత్రంతా మేలుకొని ఉంటాడు.

చేపల చెరువు కాపలా కూడా ఇంతే. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడు చేప తేలుతుంది. చూసేందుకు మనిషి మేలుకొని ఉండాలి.

బైపోలార్ జబ్బు ఉన్నవారికి రాత్రి పని మంచిది కాదు. వాళ్లకు నిద్ర మందుతో సమానం. కొందరికి ఒకటి రెండు రాత్రులు నిద్ర లేకపోయినా చాలు, ఉద్రేకం మొదలవుతుంది. ఉద్రేకం వస్తే నిద్ర ఇంకా తగ్గుతుంది. నిద్ర తగ్గితే ఉద్రేకం ఇంకా పెరుగుతుంది. ఒకదాన్ని ఒకటి ఎగదోస్తాయి.

బ్యారన్ దగ్గర పనిచేసే ఒక అన్న

ఒక ఊళ్లో ఒక కూలీ ఉన్నాడు. అతనికి బైపోలార్ జబ్బు ఉంది. ఇలాంటి అన్నలు, అక్కలు ప్రతి ప్రాంతంలో ఉంటారు. అతను మాత్రలు వేసుకుంటూ రెండేళ్లు బాగున్నాడు. నిరుడు పొగాకు రోజుల్లో రాత్రి మంట చూసే పనికి ఒప్పుకున్నాడు. రాత్రి కూలి ఎక్కువ. పైగా రైతు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరాలి.

మాత్ర వేసుకుంటే మత్తుగా ఉండేది. మత్తు వస్తే మంట దగ్గర కునుకు పడుతుందని భయపడ్డాడు. అందుకని మాత్ర మానేశాడు. ఎవరికీ చెప్పలేదు.

పది రోజులు గడిచాయి. పగలు పడుకోవడం కూడా మానేశాడు. "నేనే బ్యారన్ కౌలుకు తీసుకుంటా" అన్నాడు. అప్పు చేసి మోటారు సైకిలుకు బయానా ఇచ్చాడు. వద్దన్న మేస్త్రి మీద చెయ్యి చేసుకున్నాడు. పని పోయింది. ఇంటివాళ్లు ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఉద్రేకం తగ్గింది. ఆ వెంటనే కుంగుబాటు వచ్చింది. చేసినవన్నీ గుర్తొచ్చి సిగ్గుతో ఇంట్లోంచి బయటికి రాలేదు. రెండు నెలలు పని లేదు.

డాక్టరు అతని భార్యతో ఒక మాట చెప్పాడు. "అమ్మా, ఈ జబ్బు చెప్పకుండా రాదు. ముందు నిద్ర తగ్గుతుంది. మీరు నిద్రను కనిపెట్టి ఉండండి."

నోటుపుస్తకం లెక్క

ఆమె పెద్దయ్యాక చదువు నేర్చుకుంది. అంకెలు బాగా వేస్తుంది. పిల్లాడి పాత నోటుపుస్తకంలో గీతలు గీసింది. ఒక్కో రోజుకు ఒక్కో వరస. వరసలో అయిదు గళ్లు.

మొదటి గడిలో తేదీ.
రెండో గడిలో ఎన్ని గంటలకు పడుకున్నాడు.
మూడో గడిలో ఎన్ని గంటలకు లేచాడు.
నాలుగో గడిలో మాత్ర వేసుకున్నాడా లేదా.
అయిదో గడిలో మనసు ఎలా ఉంది. బాగుంటే 0 వేస్తుంది. దిగులుగా ఉంటే కిందికి గీత గీస్తుంది. హుషారు మరీ ఎక్కువైతే పైకి గీత గీస్తుంది.

మొదట్లో అతనికి ఇది నచ్చలేదు. "నా మీద కాపలానా?" అన్నాడు.

"కాపలా కాదు మావా. ముందే తెలిస్తే ముందే డాక్టరు దగ్గరికి పోవచ్చు. రేపట్నుంచి నువ్వే రాయి" అంది.

అప్పటి నుంచి అతనే రాస్తున్నాడు. వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గితే డాక్టరుకు చెప్పాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. బాగున్న రోజుల్లోనే ఈ ఒప్పందం చేసుకోవాలి. ఉద్రేకం వచ్చాక తనకు జబ్బు ఉందని మనిషి ఒప్పుకోడు.

రాత్రి కూలి లాభమా, నష్టమా?

మళ్లీ పొగాకు రోజులొచ్చాయి. రైతు కబురు పెట్టాడు. రాత్రి పనికి రమ్మన్నాడు. మొగుడూ పెళ్లాం నోటుపుస్తకం ముందు కూర్చున్నారు.

"రేత్రి కూలి వదులుకుంటే అడ్వాన్సు ఎలా తీరుద్ది?" అన్నాడు అతను.

ఆమె లెక్క వేసింది. రాత్రి పనికి రోజుకు 200 రూపాయలు ఎక్కువ వస్తాయి. 40 రాత్రులకు 8,000 రూపాయలు. నిరుడు 60 రోజులు పని పోయింది. రోజు కూలి 500 చొప్పున 30,000 రూపాయలు. బయానా డబ్బు వేరే పోయింది. ఆసుపత్రికి తిరిగిన బస్సు ఖర్చులు వేరే.

అతను అంకెలు రెండుసార్లు చదివాడు. "8,000 కోసం 30,000 పోగొట్టుకున్నాం" అన్నాడు.

ఇద్దరూ రైతు దగ్గరికి వెళ్లారు.

"బాబుగారండీ, రాత్రి మంట దగ్గర ఈయన ఉండలేడండి. పగటి పని చేస్తాడండి" అంది ఆమె.

"ఏమ్మా, మళ్లీ పిచ్చి లేచిందా?" అన్నాడు రైతు.

"పిచ్చి కాదండి, జబ్బండి. మీరు బీపీకి మాత్ర వేసుకుంటారు కదండి, అలాంటిదేనండి. నిద్ర ఉంటే ఈయన అందరిలాగే పని చేస్తాడండి. రాత్రికి మా తమ్ముడు వస్తాడండి."

"రాత్రి కూలి రాదు మరి."

"తెలుసండి. మధ్యలో ఈయన పడిపోతే మీ ఆకు కూడా పాడవుద్ది కదండి. అందుకే ముందే చెప్తన్నామండి. అడ్వాన్సుకు మాత్రం గడువు కావాలండి."

రైతు కాసేపు ఆలోచించాడు. నిరుడు ఒక బ్యారన్ ఆకు పాడైన సంగతి గుర్తొచ్చింది. "సగం ఈ ఏడు తీర్చండి. సగం పై ఏడు చూద్దాం" అన్నాడు.

అతను పగలు కట్టెలు తెస్తాడు. ఆకు అల్లే చోట ఉంటాడు. మాత్రలతో ఒకోసారి తూలుతుంది. అందుకని బ్యారన్ లోపల పైకి ఎక్కడు. కింద నుంచి కర్రలు అందిస్తాడు. రాత్రి తొమ్మిదింటికి పడుకుంటాడు.

అంతా సాఫీగా జరగలేదు. మార్చి నెలలో ఊళ్లో తీర్థం వచ్చింది. రెండు రాత్రులు నిద్ర చెడింది. నోటుపుస్తకంలో రెండు గీతలు పైకి లేచాయి. మూడో రోజే ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు మందు మార్చాడు. నాలుగు రోజులు పని మానేశాడు. అయిదో రోజు పనిలోకి వచ్చాడు. నిరుడు 60 రోజులు పోయాయి. ఈసారి 4 రోజులే పోయాయి.

మాత్రలు, ఎండ, నీళ్లు

బైపోలార్ జబ్బుకు డాక్టర్లు ఇచ్చే మందుల్లో లిథియం ఒకటి. ఇది ఒక రకం లవణం. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఇది ఉద్రేకాన్ని తగ్గిస్తుందని కనిపెట్టాడు. ఇప్పటికీ ఇది మంచి మందే. కానీ ఎండలో పనిచేసే వాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

లిథియం తక్కువైతే పని చేయదు. ఎక్కువైతే విషం అవుతుంది. అందుకే డాక్టరు చెప్పినప్పుడల్లా రక్త పరీక్ష చేయించుకోవాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. చెమట బాగా పట్టినా, వాంతులు, విరేచనాలు అయినా ఇలా జరుగుతుంది. కాబట్టి పనిలో తరచూ నీళ్లు తాగాలి. ఉన్నట్టుండి ఉప్పు మానెయ్యకూడదు.

ఒళ్లు నొప్పులకు చాలామంది కూలీలు దుకాణంలో మాత్ర కొని మింగుతారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు లిథియాన్ని పెంచుతాయి. కొన్ని బీపీ మాత్రలు కూడా పెంచుతాయి. లిథియం వాడేవారు డాక్టరును అడగకుండా వీటిని వేసుకోకూడదు.

చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడకలో తూలు, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తర్వాతి మాత్ర వేసే ముందే డాక్టరును అడగాలి. తడి పొగాకు ఆకు కోసేవారికి కూడా వాంతులు, తల తిరుగుడు వస్తాయి. ఆకులోని నికోటిన్ చర్మం లోంచి ఒంట్లోకి పోవడం వల్ల అలా వస్తుంది. లిథియం వాడే మనిషి "ఇది ఆకు తిప్పుడే" అనుకొని ఊరుకోకూడదు.

మత్తుగా ఉందని మాత్ర మానకూడదు. డాక్టరుకు చెబితే మాత్ర వేళ మారుస్తారు, లేదా మందు మారుస్తారు. ఒక పూట మరిచిపోతే తరువాతి పూట రెండు వేయకూడదు. గర్భిణి, బిడ్డ కావాలనుకునే స్త్రీ ముందే డాక్టరుకు చెప్పాలి. కొన్ని మందులు కడుపులో బిడ్డకు మంచివి కావు.

మందుల దుకాణంలో అట్ట చదవండి. చీటీలో 300 అని ఉంటే అట్ట మీద కూడా 300 ఉండాలి. 400 ఇస్తే తిరిగి ఇచ్చెయ్యండి. గడువు తేదీ చూడండి. చదువు వచ్చినందుకు ఇది మొదటి లాభం.

సారా, బ్రాందీ

"పని అలసట పోవాలంటే ఒక గుక్క వేసుకోవాలి" అని కొందరంటారు. తాగితే నిద్ర వచ్చినట్టే ఉంటుంది. కానీ ఆ నిద్ర మధ్యలో తెగిపోతుంది. తెల్లారాక దిగులు ఎక్కువవుతుంది. మందులతో కలిస్తే ప్రమాదం.

ఒకరికి ఒకరు తోడుంటే మానడం తేలిక. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్లు కలిసి మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారాను ప్రభుత్వం నిషేధించింది. మాట్లాడుకోవడంలో అంత బలం ఉంది.

తోటి కూలీలు ఏం చేయాలి?

చెయ్యి కదలని మనిషిని వెక్కిరించకండి. "ఏమైంది వదినా, నిద్ర పడతందా?" అని అడగండి. వాళ్లు చెప్పేది వినండి. సలహాలు తరువాత ఇవ్వచ్చు.

పెద్ద పనిని చిన్న ముక్కలు చేయండి. "ఈ నాలుగు వరసలు నువ్వు చెయ్యి, మిగతావి మేం చూసుకుంటాం" అనండి. కుంగుబాటులో ఉన్న మనిషికి ఒక చిన్న పని పూర్తయితే ధైర్యం వస్తుంది.

ఉద్రేకంలో ఉన్న మనిషితో వాదన పెట్టుకోకండి. కత్తి, గెల కోసే కొడవలి, మంట దగ్గర ఉంచకండి. మెల్లగా మాట్లాడి ఇంటివాళ్లకు కబురు పెట్టండి.

"చచ్చిపోతే బాగుండు" అని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు అందకుండా తాళం వేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చట్టం ఏం చెబుతోంది?

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. అందులో మానసిక రోగాన్ని కూడా చేర్చారు. ప్రభుత్వ ఉద్యోగి ఉద్యోగంలో ఉండగా ఇలాంటి వైకల్యం వస్తే, ఆ కారణంతో ఉద్యోగం తీసెయ్యకూడదు. చెయ్యగల వేరే పని ఇవ్వాలి.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో మనసు జబ్బుకు వైద్యం పొందడం ఇప్పుడు హక్కు. రోగిని గొలుసులతో కట్టడం నేరం.

రోజు కూలీకి చట్టం వెంటనే అడ్డు రాకపోవచ్చు. అక్కడ ముందే చెప్పుకున్న మాట, మంచి మేస్త్రి, తోటివాళ్ల సాయం ఎక్కువ పని చేస్తాయి. జబ్బు సంగతి అందరికీ చెప్పక్కర్లేదు. నమ్మకమైన ఒకరికి చెబితే చాలు.

వైద్యం ఎక్కడ దొరుకుతుంది?

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాల్లో సర్వే చేసింది. వైద్యం అవసరమైన 100 మందిలో 70 మందికి పైగా వైద్యం అందడం లేదని తేలింది. సిగ్గు ఒక కారణం. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోవడం ఇంకో కారణం.

ముందు ఆశా కార్యకర్తను గానీ, ఏఎన్ఎమ్‌ను గానీ అడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించండి. వాళ్లు ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతారు.

14416 అంకె రాసి పెట్టుకోండి. ఇది టెలీ మానస్ ఫోను. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు.

గుర్తుంచుకోండి

మనసు జబ్బు ఉన్నా పని చేయవచ్చు.
నిద్ర తగ్గడం మొదటి గుర్తు.
బాగుందని మాత్ర మానకూడదు. మాత్ర వల్లే బాగుంది.
రాత్రి పని వద్దని ముందే చెప్పాలి.
ఎండలో నీళ్లు తాగాలి. నొప్పి మాత్రలు అడగకుండా మింగకూడదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. అన్న మాత్ర ఎందుకు మానేశాడు? అప్పుడు అతను ఎవరితో మాట్లాడి ఉండాల్సింది?
2. రైతు ఎందుకు ఒప్పుకున్నాడు? రైతుకు కలిగిన లాభం ఏమిటి?
3. మీ ఊళ్లో రాత్రి మేలుకొని చేసే పనులేవి? వాటిని వంతులవారీగా ఎలా పంచుకోవచ్చు?

లెక్క చేయండి

రాత్రి పనికి రోజుకు 150 రూపాయలు ఎక్కువ. 30 రాత్రులు పని ఉంది. ఎంత వస్తుంది? జబ్బు తిరగబెట్టి రోజు కూలి 400 చొప్పున 25 రోజులు పోతే ఎంత నష్టం? ఏది ఎక్కువ?

రాయండి

మీ నోటుపుస్తకంలో అయిదు గళ్లు గీయండి. మీ సొంత నిద్ర లెక్క ఒక వారం రాయండి. వారం తరువాత చదివి చూడండి. ఏ రోజు నిద్ర తగ్గింది? ఆ రోజు పని దగ్గర మీ మనసు ఎలా ఉంది?